చౌడప్ప దాటిన తాడు

నేను చెప్పేవాటిలో సగం కోతలని ధర్మవరంలో అందరూ అంటారు. ఏ సగమో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు కనుక నాకొచ్చిన నష్టమేమీ లేదు. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు నా ప్రశ్నలకు తట్టుకోలేక బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. ఆయన తర్వాత నాకు తగిన గురువు దొరకలేదు. అందుకని బడిని నేనే మాన్పించాను. పెనుకొండ కోట మీద ఎలుగుబంటితో కుస్తీ పట్టి దాని చెవి మెలిపెట్టిన నరసింహులు ఎవరో కాదు, నేనే. అయితే ఇప్పుడు రాస్తున్నది నా గొప్ప కాదు, మా వీధిలో పట్టుచీరలు నేసిన చౌడప్ప మామ సంగతి. ఇందులో ఎలుగుబంటి లేదు. ఉండి ఉంటే బాగుండేది. దానికైతే పట్టుకోవడానికి చెవులుంటాయి.

నయాపైసలు వచ్చిన కొత్తలో నేను పట్టు మూటలు మోసేవాణ్ణి. యజమాని లక్ష్మీనారాయణ ఇంట్లో రంగు వేసిన పట్టును మగ్గాల ఇళ్ళకు చేర్చడం, నేసిన చీరలను మళ్ళీ ఆయన ఇంటికి చేర్చడం నా పని. మూట తలమీద ఉన్నంతసేపూ నోరు ఖాళీ కాబట్టి ప్రతి గడప దగ్గరా ఒక కథ దించేవాణ్ణి. ఆ కథలకు మొదట నవ్వేది చౌడప్ప మామే. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, అడ్డపోగు నేసే నాడె విసురుతూనే, పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వేవాడు. నవ్వినా పోగు తెగేది కాదు. ఆయన చప్పుడు విని పక్కింటి రంగప్ప తన మగ్గం మీంచే కేకేసేవాడు.

"బావా, ఈపొద్దు ఏం కోసినాడు నరసింహులు?"

"చిత్రావతిలో మొసలి తోక పట్టుకోని ఈదినాడంట."

"చిత్రావతిలో నీళ్ళే లేవు కదప్పా, మొసలి యాడిది?"

"నీళ్ళు లేకనే కదా అది దొరికింది" అనేవాణ్ణి నేను.

రంగప్ప, చౌడప్ప ఒకే ఇంట్లో మగ్గం నేర్చుకున్నవాళ్ళు. చుట్టరికం లేకపోయినా బావా బావా అనుకునేవాళ్ళు. ఒకరింట్లో చెనిక్కాయలు ఉడికితే రెండో ఇంట్లో తొక్కలు పడేవి.

ఒక ఎండాకాలం చౌడప్ప మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

"ఏం మామా, నస్యం ఎప్పుడు మొదలుపెట్టినావు?" అన్నాను.

"నేను నలపల్యాదురా, అదే నలుపుకుంటాండాది" అన్నాడు ఆయన, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూస్తూ.

నేను నవ్వాను. వీధి కూడా కొన్నాళ్ళు నవ్వింది. నవ్వడానికి కారణం ఉంది. ఆ చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికేది, నాడె పట్టుకోబోతే ఆగిపోయేది. అన్నం ముద్ద ఎత్తేటప్పుడు కూడా ఆగిపోయేది. లోకంలో వణుకంటే పని చేసేటప్పుడు రావాలి కదా. రంగప్ప ఆటపట్టించేవాడు. "బావా, నీ చెయ్యి బలే తెలివైంది. పని ల్యాకుంటే ఆడుకుంటాది, ముద్ద కనపడితే బుద్ధిగా ఉంటాది."

చేతి తర్వాత ముఖం పోయింది. ముఖం పోవడమంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. నేను మొసలి కథకు కొత్త తోక తగిలించి చెప్పాను. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి, రెప్ప కూడా వాలలేదు, పెదవి కదలలేదు. సున్నం కొట్టిన గోడకు కథ చెప్పినట్టయింది. నాకు రోషం వచ్చింది. మూట ఎత్తుకుని వీధిలోకి దిగాక వెనక నుంచి సన్నగా ఏదో వినబడింది. మళ్ళీ దగ్గరికి పోయి చెవి పెట్టాను.

"కత బాగుండాదిరా" అన్నాడు. "నేను నవ్వినా."

ఆయన నవ్వాననే అనుకుంటున్నాడు.

ఆ తర్వాత నడక. అడుగులు చిన్నవయ్యాయి, నేలను రాసుకుంటూ పోయేవి. ఇంటి వాకిలి దగ్గరికి వచ్చేసరికి మొత్తానికే ఆగిపోయేవి. వాళ్ళ తాతల కాలం గడప అరిగి అరిగి నేలతో సమానమైంది. దానికి ఇవతల నిలబడి ఒళ్ళంతా ముందుకు వాలేది గానీ పాదాలు అతికించినట్టు ఉండిపోయేవి. భార్య ఉలిగమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాగితే పడిపోబోయేవాడు.

వైద్యానికి పోకుండా లేరు. మూటల పని మానుకుని మొగుడూ పెళ్ళాలకు తోడు పోయింది నేనే. మొదట పెనుకొండలో ఒక నాటువైద్యుడు వాతమని చెప్పి నూనె ఇచ్చాడు. ఆ నూనె వాసనకు మా వీధి కుక్కలు రైలెక్కి గుంతకల్లు పోయాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ తిరిగి రాలేదు. వణుకు మాత్రం ఎక్కడికీ పోలేదు.

తర్వాత హిందూపురంలో డాక్టరు. ఆయన చౌడప్ప మామ మణికట్టు పట్టి తిప్పి చూశాడు. వేళ్ళు తట్టమన్నాడు, నడవమన్నాడు, తిరగమన్నాడు. తిరగడం దగ్గర మామ ఆగిపోతే డాక్టరు ఓపికగా నిలబడ్డాడు. చివరికి జబ్బు పేరు చెప్పాడు, పార్కిన్సన్ అని. మా వీధికి వచ్చేసరికి అది పార్కు జబ్బయింది. పార్కు మొహం చూడని మనిషికి ఆ జబ్బు ఎట్లా వచ్చిందని కొందరు నన్ను నిలదీశారు కూడా.

"ఇది చేతిలో లేదమ్మా, కాళ్ళలో లేదు" అన్నాడు డాక్టరు ఉలిగమ్మతో. "మెదడులో ఉంది. కదులు అనే మాట మెదడు నుంచి సరిగ్గా బయలుదేరదు. మనిషికి మాత్రం అన్నీ తెలుస్తాయి. సంతోషం, కోపం, సిగ్గు అన్నీ ఉంటాయి. ముఖం మీదికి రావు. గొంతు కూడా తగ్గిపోతుంది, మాట ఆలస్యంగా వస్తుంది. మీరు కాచుకోవాలి."

"ఎప్పటికి బాగయితాదయ్యా?"

డాక్టరు చేతులు కడుక్కోవడానికి పోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"బాగయ్యే మందు ఇంకా లేదమ్మా. వణుకు తగ్గడానికి మాత్రలు ఇస్తాను. నోరు ఎండుతుంది, నీళ్ళు తాగించు."

ఉలిగమ్మ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. ఆ ముఖాన్ని చూసి ఏం అనుకోవాలో మా ఇద్దరికీ తెలియలేదు.

తిరుగు రైలు ధర్మవరంలో దిగాక ప్లాట్‌ఫారం మీద మామ రెండు కాళ్ళూ బిగిసిపోయాయి. వెనక నుంచి జనం తోస్తున్నారు, తిడుతున్నారు. చాలాసేపటికి, నేను, ఉలిగమ్మ చెరో పక్కా మోసినట్టుగా ప్లాట్‌ఫారం చివరి దాకా తెచ్చి దింపాం. అక్కడి నుంచి అడ్డదారి, పట్టాల మీదుగా. నేను ఆయన్ను వీపున వేసుకోవడానికి వంగాను. నా బలం గురించి మీకు చెప్పే ఉన్నాను. వంగి చూసేసరికి వీపు మీదికి ఎవరూ రాలేదు. చౌడప్ప మామ పట్టాల మధ్య చెక్కదిమ్మెల మీద పెద్ద పెద్ద అంగలతో పోతున్నాడు. ఒక దిమ్మె మీంచి ఇంకో దిమ్మె మీదికి, పెళ్ళికొడుకులా. పట్టాలు అయిపోయి మట్టి నేల రాగానే మళ్ళీ ఆగిపోయాడు.

"ఏంది మామా ఇది? ఎవరన్నా పూనినారా?"

ఆయన పెదవులు కదిలాయి. డాక్టరు చెప్పింది గుర్తొచ్చి కాచుకున్నాను.

"ముందర అడ్డంగా ఏమన్నా ఉంటే కాలు లేస్తాదిరా. ఏమీ ల్యాకుంటే దానికి దావ తెలీదు."

మరుసటిరోజు నుంచి ఉలిగమ్మ ఇంట్లో అడ్డగీతలు వేయడం మొదలుపెట్టింది. ముగ్గుపిండితో, మంచం నుంచి వాకిలి దాకా, నిచ్చెన మెట్లలాగా. ఆయన ఒక్కొక్క గీత దాటుకుంటూ నడిచేవాడు. ముగ్గు తడిసినా చెరిగినా ఉన్నచోటే నిలబడేవాడు. చూడవచ్చిన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

"ఇదేం ముగ్గమ్మా ఉలిగమ్మా, చుక్కల్లేవు, పూలు లేవు?"

"మా ఇంటాయన నడిచే ముగ్గులేమ్మా" అనేది ఆమె.

అప్పటికి ఆయన మగ్గం ఎక్కలేకపోతున్నాడు. ఉలిగమ్మే గుంతలో దిగింది. పనితనానికి మెచ్చి కాకపోయినా పాత మనుషులని లక్ష్మీనారాయణ ఇంకొక పడుగుకు పట్టు ఇచ్చాడు. ఇది నడిస్తే మళ్ళీ ఇస్తానన్నాడు, నడవకపోతే ఆ మగ్గానికి ఇక పట్టు రాదన్నాడు. ఆ పట్టును నేనే తెచ్చి వాళ్ళింట్లో దించాను.

ఇక్కడ మా వీధి సంగతి కొంచెం చెప్పాలి. పడుగంటే చీరకు నిలువు పోగులు. మగ్గానికి ఎక్కించేముందు దాన్ని తెల్లవారుజామున వీధి పొడవునా సాగదీస్తారు. ఆ చివర ఈ చివర మేకులకు తాళ్ళతో బిగించి, మధ్యలో వెదురుకర్రల మీద నిలబెట్టి, రెండు పక్కలా మనుషులు నిలబడి పోగులు సరిచేస్తారు, తెగినవి అతుకుతారు. ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఈపొద్దు నా పడుగుకు నువ్వొస్తే రేపు నీ పడుగుకు నేను. కూలి లేదు, పిలుపు కూడా అక్కర్లేదు, మేకు దిగిన చప్పుడు వింటే చాలు. వీధి చేతులు రాని మగ్గం ఆగిపోయినట్టే.

సాగిన పడుగును ఎవరూ దాటరు. చుట్టూ తిరిగి పోవాలి, లేదా కర్రల కింద వంగి దూరాలి. మేకు దగ్గర కట్టిన తాడు నేలకు జానెడు ఎత్తున ఉన్నా సరే, అదీ పడుగే. దాటితే పోగులు వరసగా తెగుతాయని నమ్మకం. పొరపాటున దాటినవాడు, పడుకున్న పసిబిడ్డను దాటినవాడిలాగే, మళ్ళీ వెనక్కి దాటాలి. అప్పుడు దోషం పోతుంది.

ఒక రోజు వీధిలో సాగింది రంగప్ప పడుగు. పొడవు ఎక్కువ కావడంతో మేకు చౌడప్ప మామ వాకిలికి ఎదురుగా దిగింది. వీధంతా పనిలో ఉంది. నేను కర్రలు సర్దుతూ, ఒకసారి తెగిన పడుగును పళ్ళతో పట్టుకుని రైలింజను ఆపిన సంగతి చెబుతున్నాను. చౌడప్ప మామ బయటికి పోవడానికి లేచి వాకిట్లోకి వచ్చాడు. ఉలిగమ్మ గీతలు వాకిలి దాకానే. అక్కడ ఆగిపోయాడు. ఎదురుగా తాడు అడ్డంగా కనబడింది. కాలు లేచింది. ఒక్క అంగలో ఆ తాడు దాటి వీధిలో నిలబడ్డాడు.

వీధంతా ఇటు తిరిగింది.

"ఏం చేసినావు బావా?" అన్నాడు రంగప్ప. చేతిలో పోగు అట్లాగే ఉంది. "కాళ్ళు రావని కదా ఉలిగమ్మ చెప్తాండేది. నా పడుగు కాడికి వచ్చేసరికి వచ్చినాయా?"

"వెనక్కి దాటమనప్పా, వెనక్కి దాటమను" అని పెద్దవాళ్ళు తొందరపడ్డారు. ఎవరో ఆయన్ను పట్టుకుని తాడు వైపుకు తిప్పారు. తాడు కనబడగానే ఆయన మళ్ళీ సుళువుగా దాటాడు. దాటి, తన వాకిలి ముందు చదును నేల మీద బిగుసుకుపోయాడు. ఇంట్లోకి పోలేడు, వీధిలోకి రాలేడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"పోయేటప్పుడు దాటినావు, వచ్చేటప్పుడు దాటినావు, ఇంట్లోకి పోవాలంటే మాత్రం కాళ్ళు పట్టుకున్నాయా?" అన్నారు గుంపులోంచి.

నేను ముందుకు వచ్చాను. జబ్బు ఇట్లా ఉంటుందని, రైలు పట్టాలు దూకుతూ దాటాడని చెప్పాను. అది వాళ్ళు చక్కగా విన్నారు, అంటే వేరే విధంగా విన్నారు. పట్టాలు దూకినవాడికి జబ్బేమిటన్నారు. సరే, చూపిస్తానని చీపురుపుల్లతో మట్టిలో అడ్డగీత గీశాను. ఆయన దాటాడు. ఇంకో గీత గీశాను. దాటాడు. గీత గీయలేదు. ఆగాడు. మళ్ళీ గీశాను. దాటాడు. ఇంతకంటే రుజువేముంటుందని అందరి వైపూ చూశాను.

"ఓహో" అన్నాడు రంగప్ప. "అయితే బావకు బుద్ధి పుడితే నడుస్తాడు, ల్యాకుంటే ల్యాదు. నువ్వు గీసేదేందిరా, ఆయన ఆడేదేంది. ఇద్దరూ బాగా కూడినారు."

ఆ పొద్దు రంగప్ప పడుగులో పోగులు తెగాయి. ఏ పడుగులోనైనా తెగుతాయి. కానీ ఆ పొద్దు తెగినవన్నీ చౌడప్ప కాలికిందే తెగాయి. పెద్దలు కూర్చుని, తప్పయిందని అందరి ముందూ ఒక్క మాట అనమన్నారు. ఆయన అన్నాడు. పక్కనున్న నాకు వినబడింది, ఉలిగమ్మకు వినబడింది. రంగప్పకు ముఖం మాత్రం కనబడింది. ఆ ముఖంలో సిగ్గు లేదు, భయం లేదు. రెప్పవేయకుండా ఎదుటివాణ్ణి చూసే ముఖం. రంగప్ప తుండు దులుపుకుని లేచాడు.

"ఇంత పొగరు నాకు తెలీదు బావా. నీ పడుగుకు నీ కాళ్ళే వస్తాయిలే."

రంగప్ప చెయ్యి రాకపోతే వీధి చెయ్యి రాదు. ఉలిగమ్మ పడుగు తయారు చేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి బత్తలపల్లిలో పని, ఒకరికి తాడిమర్రిలో పెళ్ళి. ఆ నెలలో తాడిమర్రిలో ఎంతమందికి పెళ్ళిళ్ళయ్యాయో నేను లెక్కపెట్టలేదు గానీ, ఊళ్ళో పెళ్ళికాని మేక కూడా మిగిలి ఉండదు. నేను, ఆమె ఇద్దరమే ఒక పొద్దున మేకు కొట్టి చూశాం. నాకు పది చేతులుంటాయని ఎప్పుడూ చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు రెండే ఉన్నాయి. పడుగు మధ్యలో చిక్కుపడి నేలకు తగలబోయింది. చుట్టి లోపల పెట్టాం.

రంగప్ప మనసు రాయి కాదు. ఒక సాయంత్రం తానే వచ్చాడు. చౌడప్ప మామ అరుగు మీద ఉన్నాడు. నేను కింద కూర్చుని బీడీ కాలుస్తున్నాను. రంగప్ప అరుగు ముందు నిలబడి తుండు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చాడు.

"అయిందేదో అయిపాయ బావా. రేపు పొద్దున మేకు కొట్టించు, నేనొస్తా. నేనొస్తే అందరూ వస్తారు." కొంచెం ఆగాడు. "నువ్వు ఒక్క మాట మాట్లాడు చాలు."

చౌడప్ప మామ ఆయన్నే చూస్తున్నాడు. ముఖం గోడ. కుడిచెయ్యి ఒళ్ళో నస్యం నలుపుతోంది. గొంతు దగ్గర ఏదో కదిలింది. నేను కాచుకోమని సైగ చేశాను. రంగప్ప కాచుకున్నాడు. ఎంతసేపని? చిన్నప్పటి నుంచీ ఎదురుమాట టక్కున అందుకున్న మనిషి ఎదురుగా కూర్చుని, పేరు తెలియనివాణ్ణి చూసినట్టు చూస్తుంటే ఎంతసేపు నిలబడతాడు?

"సరే" అన్నాడు. "నాదే తప్పు, వచ్చినందుకు."

ఆయన పక్కనే ఉన్న తన వాకిట్లో అడుగుపెట్టాక, ఇక్కడ అరుగు మీద మాట వచ్చింది. సన్నగా, పొడిగా.

"కూర్చో బావా. చెనిక్కాయలు తిందువు."

నేను పరుగెత్తాను. "మాట్లాడినాడు రంగప్ప మామా, కూర్చోమన్నాడు, చెనిక్కాయలు తినమన్నాడు" అన్నాను.

రంగప్ప తలుపు దగ్గర ఆగి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"నాతో మాట్లాడనోడు నీతో మాట్లాడినాడా?"

"నీతోనే అన్నాడు మామా, మాట ఆలస్యంగా వస్తాది, హిందూపురం డాక్టరు చెప్పినాడు."

"మొసలి ఏమన్నా అనిందా ఇందులో?" అని తలుపు వేసుకున్నాడు.

ఆ మాటే తలుపుకు ఇంకోసారి చెప్పి వచ్చాను.

కొన్నాళ్ళకు లక్ష్మీనారాయణ కబురు పంపాడు, పడుగు వెనక్కి తెమ్మని. తెచ్చినవాణ్ణి నేనే కదా, తీసుకుపోవాల్సిందీ నేనే. ఉలిగమ్మ పడుగును తెల్లగుడ్డలో మూటకట్టి నా తలమీదికి ఎత్తింది. నేను ఆ రోజు ఏ కథా దించలేదు. బయలుదేరబోతుంటే చౌడప్ప మామ పెదవులు కదిలాయి. మూట బరువుగానే ఉంది, అయినా నిలబడ్డాను.

"నేనూ వస్తా" అన్నాడు. "గీత గీయి."

తన మగ్గానికి రావాల్సిన పట్టును వీధి చివరి దాకా సాగనంపాలనుకున్నాడేమో. నేను అడగలేదు. మూటను ఒక చేత్తో పట్టుకుని, మడమతో మట్టిలో అడ్డంగా గీత లాగాను. దాటాడు. ఒక అడుగు ముందుకేసి ఇంకో గీత లాగాను. దాటాడు. మగ్గాల చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగాయి. వాకిళ్ళలోకి మనుషులు వచ్చారు. రంగప్ప కూడా వచ్చి నిలబడ్డాడు. చౌడప్ప మామ నా వెనక, గీత మీద గీత దాటుకుంటూ, నిటారుగా, ముఖంలో ఏమీ లేకుండా నడుస్తున్నాడు.

"చూడమ్మా" అంది ఎవరో ఆడమనిషి, వినబడేలాగే. "యజమాని పట్టు వెనక్కి పోతాంటే ఎంత బాగా నడుస్తాండాడో."

వీధి మలుపు దగ్గర కాలువ మీద రాతిబండలు పరిచి ఉన్నాయి. బండ మీద నా మడమ గీత పడలేదు. గట్టిగా లాగాను, చర్మం గీసుకుంది గానీ గీత పడలేదు. తలమీద మూట, వంగడానికి లేదు. ఆయన బండ అంచున ఆగిపోయాడు. ఒళ్ళు నా వైపు వాలింది. కాళ్ళు రాలేదు.

"పోరా" అన్నాడు చాలాసేపటికి.

మలుపు తిరిగేముందు చూశాను. ఉలిగమ్మ ముగ్గుడబ్బా చేత్తో పట్టుకుని, వీధిలో అందరి ముందూ వంగి, ఆయన్ను ఇంటికి తీసుకుపోవడానికి ఒక్కొక్క గీతా వేసుకుంటూ వస్తోంది.